పదికి రెండు

వాషింగ్ మెషీన్ ఉతకడం ముగించి కీచుకీచుమని మొత్తుకుంటోంది. దానికి నాలుగడుగుల దూరంలో, భోజనాల బల్ల దగ్గర ఇంటిపెద్ద టీ తాగుతూ ఫోన్ చూసుకుంటున్నాడు. తలైనా ఎత్తలేదు. పక్కగదిలో పరదాలు కుడుతున్న ఆయన భార్య కుట్టుమిషన్ ఆపి, లేచి వచ్చి, ఒక్క మాటైనా అనకుండా మీట నొక్కి దాని నోరు మూయించింది. ఏడాదిగా ఆ ఇంట్లో రోజూ ఇదే తంతు. మిగతావాళ్ళెవరూ పట్టించుకోలేదు.

ఆ ఉదయం కూతురికి అయితే పట్టించుకునే స్థితే లేదు. తన గదిలో మంచం అంచున కూర్చుని, చేతిలో ఫోన్ పట్టుకుని, ఒంటికి కారం రాసుకున్నట్టు మండిపోతోంది. తెరమీద తను తీసిన వీడియో, దాని కింద తండ్రి రాసిన తీర్పు.

ఆ తీర్పుకి అంత విలువ ఎందుకంటే, ఆయన ముప్ఫై ఏళ్ళుగా గిటార్ యాంప్లిఫయర్లు బాగుచేస్తున్న మనిషి. వీధివైపు గదే ఆయన దుకాణం. యాంప్ మూత విప్పకుండా, ఒక్క తీగ మోగించి విని, లోపల ఏది పోయిందో చెప్పేసేవాడు. అందుకే గిటార్ వాయించేవాళ్ళంతా ఆయనకి 'పాముచెవులు' అని పేరు పెట్టారు. ఆరేళ్ళ కిందట ఆ పేరుతోనే ఆన్‌లైన్‌లో ఒక పేజీ మొదలుపెట్టాడు. గిటార్ సామాన్ల గురించి ఎవరు డెమో వీడియో పెట్టినా విని, అది నిజాయితీగా తీసిందో కాదో తేల్చి పదికి ఇన్ని అని మార్కులు వేస్తాడు. దుకాణాలవాళ్ళు ఆ మార్కులు చూశాకే సరుకు తెప్పించుకుంటారు.

కూతురిది కూడా ఆ దారే. పెడళ్ళు తయారుచేసే చిన్న కంపెనీలో డెమో వీడియోలు తీసే ఉద్యోగంలో రెండు నెలల కిందట చేరింది. పెడల్ అంటే గిటార్‌కీ యాంప్‌కీ మధ్య నేలమీద పెట్టి కాలితో నొక్కే చిన్న పెట్టె. ఈసారి వచ్చిన పెట్టె పని ఒక్కటే, శబ్దానికి పైపైన సన్నని మెరుపు అద్దడం. ఆ వీడియో బాగా నడిస్తే సోమవారం ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. దానికోసం పిల్ల పదకొండు రోజులు గిటార్ ఒళ్ళోంచి దించలేదు.

దానికి పాముచెవులు వేసిన మార్కులు ఇవి: "ఇది డెమో కాదు, కనికట్టు. పెడల్ నొక్కినా నొక్కకపోయినా ఒకటే మోత. పెట్టె పనిచెయ్యదు, అది తెలిసే మన చెవిలో పువ్వు పెడుతున్నారు. పదికి రెండు. ఆ రెండూ వెలుతురు బాగుంది గనక."

అప్పుడే కంపెనీ మేనేజర్ ఫోన్ చేశాడు. నాలుగు దుకాణాలు ఆర్డర్లు ఆపేశాయట. "వీడియోలో మోసం ఏదన్నా ఉంటే నాకిప్పుడే చెప్పమ్మా. సోమవారం దాకా చూస్తాను. ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు," అన్నాడు. పాముచెవులు ఆమె కన్నతండ్రి అని ఆయనకి తెలియదు. ఆమె చెప్పలేదు. చెప్తే తండ్రి పేరు చెప్పుకుని బతుకుతోందంటారని భయం.

ఫోన్ పెట్టేసి ఒక్క ఉదుటున హాల్లోకి వచ్చింది.

"నాన్నా! ఏంటిది?"

ఆయన ఫోన్ వంక చూసి, తెలుసన్నట్టు తలాడించాడు. "చదివావా? మంచిది. మళ్ళీ తియ్యి."

"మళ్ళీ తియ్యడమేంటి! నన్ను పట్టుకుని మోసం అంటావా? ఊరందరి ముందూ?"

"నా పేజీలో చుట్టరికాలు లేవు. నిన్నెవరు పెట్టమన్నారు అలాంటి వీడియో?"

"అలాంటి అంటే ఎలాంటి? నువ్వు నేర్పినట్టే కదా తీశాను! పెడల్ ఆపి ఒకసారి, నొక్కి ఒకసారి, అదే పాట, అదే వేళ్ళు. గట్టిగా వినిపించిందే బాగుందనుకుంటుంది చెవి, అందుకని మీటర్ పెట్టి మరీ రెండుసార్లూ శబ్దం సమానం చేశాను. ఇంకా ఏం చెయ్యమంటావ్, నీ కాళ్ళు కడిగి నెత్తిన జల్లుకోనా?"

"సమానం చేశావు సరే. తేడా ఏదీ? తేడా లేనిదాన్ని ఉందని నవ్వుతూ చెప్పావు చూడు, దాన్నే మోసం అంటారు."

వంటింట్లోంచి ఆమె వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు, పొద్దున్నే డ్యూటీకి తయారై ఉంది. "మామయ్యగారూ, పోనీ సొంత పిల్లే కదా, పిలిచి చెప్పాల్సింది. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండేది."

"ఇంట్లో ఉంటే అది మార్కు కాదమ్మా, ముద్దు."

"నీ ముద్దు ఎవడడిగాడు!" కూతురు ఒంటికాలి మీద లేచింది. "చిన్నప్పట్నుంచీ ఇంతే. స్కూల్లో అందరూ చప్పట్లు కొడితే నువ్వొక్కడివే మూడో తీగ శృతి తప్పిందన్నావు. తప్పిందే, ఒప్పుకున్నాను. ఇప్పుడు తప్పలేదు. ఈసారి తప్పు నాది కాదు. నా ఉద్యోగం పోతోంది, తెలుసా నీకు? సోమవారానికి నేను రోడ్డు మీద ఉంటాను, నువ్వేమో ఇక్కడ కూర్చుని మార్కులు వేస్తూ ఉంటావు!"

"అబద్ధంతో నిలబడే ఉద్యోగం ఉంటేనేం, ఊడితేనేం?"

ఆ మాటతో పిల్లకి తల తిరిగిపోయింది. అరవలేదు. గిర్రున గదిలోకి వెళ్ళి గిటారూ పెడలూ తెచ్చింది. దుకాణంలోంచి చిన్న యాంప్ ఒకటి లాక్కొచ్చి హాలు మధ్యలో పెట్టింది.

"తిరుగు. గోడవైపు తిరిగి కూర్చో. నీ పద్ధతే. పదిసార్లు వాయిస్తాను. నొక్కానో లేదో చెప్పు. పదికి పదీ ఒకటే మోత అని తేలితే ఇవాళే రాజీనామా రాసిస్తాను. లేదంటే ఆ తీర్పు నీ చేత్తోనే కొట్టేయాలి."

"ఎందుకే పెద్దాయనతో పంతాలు," అంటూ అమ్మ కంగారుగా కుట్టుగది గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ మొహంలో రక్తం చుక్క లేదు. "వద్దే. నా మాట విను. వద్దు."

"నువ్వూరుకో!" తండ్రీ కూతురూ ఒక్కసారే అన్నారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఒకటే.

ఆయన కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. "టక్కుమనే చప్పుడు లెక్క దొరక్కుండా చూసుకో. లేకపోతే నేను శబ్దాన్ని కాదు, కాలిని వింటాను."

"తెలుసు. నువ్వు నేర్పిందే." ప్రతిసారీ నాలుగైదుసార్లు మీట టకటకలాడించి ఎక్కడో ఒకచోట ఆపడం ఆయన కనిపెట్టిన పద్ధతే. పెడల్ మీద చిన్న ఎర్రదీపం వెలిగితే నొక్కినట్టు, ఆరితే ఆపినట్టు. వదిన పాతబిల్లు వెనక పెన్సిల్‌తో రాసుకోవడానికి కూర్చుంది.

మొదటిసారి దీపం లేదు. తీగలు మామూలుగా, గుండ్రంగా మోగాయి.

"ఆపింది," అన్నాడాయన.

రెండోసారి దీపం వెలిగింది. తీగల మీద మెరుపు లేచింది. గాజుగ్లాసు అంచుని చెంచాతో తాకినట్టుంది. వదిన కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆపింది."

మూడోసారీ దీపం వెలిగే ఉంది. "ఆపింది." నాలుగోసారి ఆరింది. "ఆపింది." కూతురి పెదవి మీదికి గెలిచిన నవ్వొకటి వచ్చింది. ఇంకా గట్టిగా చూపిద్దామని ఐదోసారి పెడల్ గుండీని చివరికంటా తిప్పేసింది. మెరుపు కాస్తా సూది అయింది. వదిన అబ్బా అంటూ చెవి మూసుకుంది. గుమ్మంలో అమ్మ భుజాలు ముడుచుకుంది. వాయిస్తున్న పిల్లకే పళ్ళు జివ్వుమన్నాయి.

ఆయన గోడవైపే చూస్తూ చిరాగ్గా అన్నాడు. "ఎంతసేపూ ఆపేసే వాయిస్తావేంటే? నొక్కి వాయించు. నాతో పరాచికాలా?"

గిటార్ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. నవ్వు ఎటు పోయిందో పోయింది. గెలిచింది, కానీ ఆ గెలుపుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వదిన పెన్సిల్ కింద పెట్టేసింది.

వాయింపు ఆగిపోయేసరికి ఆయన వెనక్కి తిరిగాడు. ముందు ఎర్రదీపం చూశాడు. తర్వాత కోడలి చెవి మీదున్న చెయ్యి చూశాడు. ఆవిడ గబుక్కున చెయ్యి దించేసింది గానీ అప్పటికే ఆలస్యమైంది.

"ఎప్పట్నుంచి వెలుగుతోంది?" అని అడిగాడు.

"రెండోసారి నుంచి, నాన్నా. మధ్యలో ఒక్కసారే ఆరింది."

"దీపం చెడిపోయిందేమో."

"చెడిపోలేదు."

"యాంప్ చెడిపోయిందేమో!" ఆయన లేచి నిలబడ్డాడు, మొహం జేవురించింది. "ఎవరడిగారే నిన్ను ఈ పరీక్ష? కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని కన్నతండ్రిని పరీక్షిస్తావా? నీకు గిటార్ పట్టుకోవడం నేర్పింది నేను!"

"ఇంక చాలు," అంది అమ్మ. గట్టిగా అనలేదు గానీ ముగ్గురూ ఆవిడవైపు చూశారు. "మాటలు వినపడతాయి గానీ సన్నని కూతలు మీ చెవికి అందడం లేదు. వాషింగ్ మెషీన్ కూత మీకు వినపడక ఏడాది దాటింది. జ్వరం చూసుకునే థర్మామీటర్ మోగితే మీకు తెలియలేదు, నేను తీశాను. ఇప్పటికైనా ఒప్పుకోండి."

కూతురు తల్లి మీదికి తిరిగింది. కోపానికి ఇప్పుడు ఇంకో దారి దొరికింది. "నీకు తెలుసా? ఏడాదిగా తెలిసి నోరు మెదపలేదా? మీ ఇద్దరి దాగుడుమూతల్లో నా ఉద్యోగం పోతోందమ్మా!"

"ఒకసారి చెప్పబోయాను. మూడ్రోజులు అన్నం మానేశారు." అమ్మ పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆ చెవులే ఆయన బతుకు. పోయాయని నా నోటితో ఎలా చెప్పమంటావే?"

ఆయన ఎవరి మొహమూ చూడకుండా దుకాణం గదిలోకి వెళ్ళి తలుపు ధడాలున వేసుకున్నాడు.

పిల్ల గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోపం ఇంకా ఉంది. పోలేదు, ఎందుకు పోవాలి? కానీ కిందటి వారం సంగతి గుర్తొచ్చింది. బాగుచేయించుకుని తీసుకెళ్ళిన యాంప్‌ని ఒకతను వెనక్కి తెచ్చి, "సార్, ఇది గీపెడుతోంది, చెవులు పోతున్నాయి," అన్నాడు. "నీకు వినడం రాదు," అని నాన్న అతన్ని గుమ్మంలోంచే తిట్టి పంపేశాడు. అతను యాంప్‌ని అక్కడే వదిలేసి పోయాడు. తను గదిలోంచి విని నవ్వుకుంది కూడా. అది గుర్తొచ్చేసరికి ఇక కూర్చోలేక గిటార్‌తోనే లేచింది.

తలుపు గడియ వేసి లేదు. ఆయన ఆ యాంప్ ముందే నేలమీద కూర్చుని ఉన్నాడు. ట్రెబుల్ గుండీ, సన్నని మోతని పెంచేది, తొమ్మిది దగ్గరుంది.

"ఇది ఎక్కడుండాలో చెప్పు," అన్నాడు, తల తిప్పకుండా. "నాకు ఇక్కడే బాగుంది. నాకు బాగుందంటే, అందరికీ చెవులు పగిలిపోతున్నాయన్నమాట."

ఆమె పక్కన కూలబడింది. తీగ మీటుతూ గుండీని కిందికి తిప్పుతూ వచ్చింది. ఎనిమిది, ఏడు, ఆరు. నాలుగున్నర దగ్గర ఆపింది.

"ఇక్కడ, నాన్నా."

"నాలుగున్నరా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ అందరి సామాన్లూ పాడుచేసి పంపానే! డబ్బులు తీసుకుని మరీ పాడుచేశాను. పైగా నిన్ను మోసగత్తె అన్నాను."

"అన్నావు," అంది. సరేలే అని ఆమెకి నోరు రాలేదు. "నా కడుపు మండిపోయింది నాన్నా. ఇంకా మండుతూనే ఉంది."

"మండనీ. మండాలి." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు కూతురివని కాస్త ఎక్కువ కఠినంగానే విన్నాను. ఎవరైనా ఏమన్నా అంటారేమోనని. నాకు వినపడలేదని ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు చూడు. పరాయి పిల్లయితే ఇంకోసారి వినేవాడినేమో."

అంతే, పిల్ల ఏడ్చేసింది. ఆయన భుజం మీద తల పెట్టి కాదు, యాంప్ మీద తల పెట్టి. ఆయన కాసేపు చూసి, ఆ తల మీద చెయ్యి వేశాడు.

తర్వాత ఫోన్ తీసి ఒంటివేలితో టైపు చెయ్యడం మొదలెట్టాడు. ఆమె చదువుతూ గాభరాగా చెయ్యి పట్టుకుంది. "అలా రాయకు! 'పొరపాటుగా విన్నాను' అని రాయి చాలు. చెవుల సంగతి రాస్తే రేపట్నుంచి నీ దుకాణానికి ఎవరొస్తారు?"

"నిన్న నీ ఉద్యోగం పోతుందని ఆలోచించానా నేను? ఇప్పుడు నా పని గురించి ఎందుకు ఆలోచించాలి? వదులు చెయ్యి."

వీడియో కింద ఇలా పడింది: "ఈ డెమోలో మోసం లేదు. పెడల్ చక్కగా పనిచేస్తోంది. ఆ తేడా వినే శక్తి నా చెవులకి పోయింది. ఈ సంగతి ఇవాళే తెలిసింది. ఏడాదిగా నేను వేసిన మార్కులు నమ్మకండి. నేను బాగుచేసిన యాంప్‌లు గీపెడుతుంటే తీసుకురండి, ఊరికే సరిచేసి ఇస్తాను, నా కూతుర్ని పక్కన పెట్టుకుని. ఈ వీడియో తీసింది ఆ కూతురే. పదికి ఏడు."

"ఏడా?" ఆమె ముక్కు చీదుకుంటూ తలెత్తింది. "మూడు ఎందుకు తగ్గాయి?"

"మొదటి తీగ మోగేలోపు నాలుగు నిమిషాలు మాట్లాడావు. నీ మాటలు నాకు శుభ్రంగా వినపడ్డాయి."

"నాలుగు లేదు!"

"నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. చూసుకో."

చూసుకుంది. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లే. తిట్టబోయి నవ్వింది, నవ్వబోయి మళ్ళీ ఏడ్చింది. మేనేజర్‌కి ఆ కామెంటు పంపి, వెనకే ఇంకో ముక్క రాసింది: పాముచెవులు మా నాన్న.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి కూర్చున్నప్పుడు రెండో విడత బట్టల పని ముగించి మెషీన్ మళ్ళీ కూసింది. అమ్మ అలవాటుగా సగం లేచి, ఏమనుకుందో ఏమో, మళ్ళీ కూర్చుండిపోయింది. పిల్ల చేతిలో ముద్ద ఆగిపోయింది.

ఆయన వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాడు.

"ఏంటి, అరుస్తోందా?"

"అరుస్తోంది నాన్నా."

"అలా చెప్పాలి మరి," అని ఆయన లేచాడు. ఎడంచెయ్యి మెషీన్ మీద ఆనించి, లోపల తిరుగుడు ఆగిందని తెలిశాక, తలుపు తీసి తడిబట్టలు బయటికి తియ్యడం మొదలుపెట్టాడు.