ఊపిరి వంతు

కావలి దాటాక విశ్రాంతి మైదానంలో లారీ తనంతట తానే నీడ వెతుక్కుని ఆగింది. వంతు ముగిసిందని చెబుతూ చోదక పీఠం మెత్తగా వెనక్కి వాలింది. ఏస్తేరమ్మ నడుం పట్టుకుని లేచి, గొంతు తడుపుకుందామని సీటు వెనక సంచిలో చెయ్యి పెట్టి, అందిన సీసా బయటికి తీసింది. మూత తిప్పి నోటి దాకా తెచ్చుకుంది.

వాసనే ఆమెను కాపాడింది. సీసాలో ఉన్నది నీళ్ళు కాదు. సగానికి పైగా ఎర్రటి ఉమ్మి, దాని మీద నురగ, నురగలో తేలుతున్న వక్క ముక్కలు. సున్నమూ పుదీనా కలిసి మురిగిన తియ్యటి కంపు ముక్కులోకి ఎక్కి కూర్చుంది. ఆమె తలుపు తోసుకుని దిగి, సీసాను కంపచెట్లలోకి విసిరికొట్టి, చక్రం పక్కన వంగి పొద్దున తిన్న ఇడ్లీలన్నీ కక్కేసింది.

"కాలేషన్నా," అంది కొంగుతో నోరు తుడుచుకుంటూ, "నీకేమన్నా బుద్ధుందా? నీ ఉమ్మి సీసా, నా నీళ్ళ సీసా ఒక్క సంచిలోనే పెడతావా? ఇంకాస్తుంటే తాగేదాన్ని గదా."

పై అరలో పడుకున్న కాలేషా మెల్లగా దిగొచ్చాడు. ఏస్తేరమ్మతో కలిసి చీమకుర్తి గ్రానైట్‌ను కృష్ణపట్నం రేవుకు చేరవేసే జోడీ డ్రైవరు అతను. వయసు యాభై దాటింది. ఆమె వంతు అయిపోతే అతని వంతు.

"మర్సిపోయా చెల్లెమ్మా," అన్నాడు పెదవులు విడదీయకుండా.

ఆ గొణుగుడుకు ఆమె ఏమీ అనుకోలేదు. ఈ మధ్య రోడ్డు మీద డ్రైవర్లందరి మాటా అదే తీరు. నోట్లో ఉమ్మి ఒలికిపోకుండా తల కాస్త ఎత్తి, పళ్ళ సందుల్లోంచి మాట్లాడతారు. చూడలేక ఆమె మొహం తిప్పుకునేది.

లారీలు తమంతట తామే నడవడం మొదలై చాలా ఏళ్ళయింది. అయినా బండి ఏ గేదెనో గుద్దితే జవాబు చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలి కనుక, పీఠంలో మనిషి కూర్చోవాలన్న చట్టం అలాగే ఉండిపోయింది. ఆ మనిషి తన వంతు మొదలయ్యే ముందు ఘ్రాణికలోకి ఊదాలి. స్టీరింగు పక్కన బిగించిన బూడిదరంగు డబ్బా అది. దానికి రెండు వేళ్ళ లావున ఒక శ్వాసనాళిక. పెదవుల దగ్గరి ఊపిరి అబద్ధం చెబుతుందనీ, లోపలి నుంచి వచ్చేదే నిజమనీ దాన్ని తయారుచేసినవాళ్ళ నమ్మకం. అందుకే నాళికను పళ్ళు దాటేదాకా పెట్టుకుని ఊదితే తప్ప అది ఒప్పుకోదు. నిన్న తాగిన బీడీని కూడా ఇవాళ పసిగడుతుంది. డ్రైవర్లు దాన్ని 'ముక్కు' అంటారు. ముక్కు కాదంటే బండి కదలదు, డ్రైవరుకు మర్నాడు ఉద్యోగం ఉండదు.

ఆ ముక్కు ఏస్తేరమ్మ అడిగి తెప్పించుకున్నది కాదు. ఆమె అడిగింది వేరు. కంపెనీలో చేరిన కొత్తలో ఆమెకు రోజూ వాంతి వచ్చినంత పని అయ్యేది. బండి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారేది. ఎక్కేసరికి అద్దాల మీద పసుప్పచ్చని జిడ్డు, సీటు కుట్లలో బూడిద, పడుకునే దుప్పటిలో ఎవడిదో పాత పొగ. ఇంటికెళితే కూతురు దగ్గరికి వచ్చేది కాదు, "అమ్మా, నువ్వు బీడీ వాసనొస్తున్నావే" అనేది. అందుకని ఒకరోజు యూనియన్ మీటింగులో లేచి నిలబడి, "తాగేవాళ్ళు తాగండి, ఎవరొద్దన్నారు? బండి దిగి తాగండి. ఇది మీ ఒక్కరి ఇల్లు కాదు" అంది. అందులో తప్పేమీ లేదని ఆమె అప్పుడూ అనుకుంది, ఇప్పుడూ అనుకుంటుంది.

వింటున్న మేనేజరుకు ఆ మాటలో సగమే చెవికెక్కింది. దానికి బీమావాళ్ళు తోడయ్యారు. బండిలోనే కాదు, దిగి కూడా తాగకూడదన్నారు, సెలవు రోజున ఇంట్లో కూడా తాగకూడదన్నారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఘ్రాణిక వచ్చింది. 'మా బండిలో పొగ లేదు, మా మనిషిలో పొగ లేదు' అని కంపెనీ ప్రతి లారీ వెనకా రాయించుకుంది.

పొగ నిజంగానే పోయింది. ముక్కుకు పొగ తప్ప మరేదీ పాపం కాదని డ్రైవర్లు వారం తిరక్కుండానే కనిపెట్టేశారు. బీడీ కట్ట ఉన్న జేబులోకి గుట్కా ప్యాకెట్టు వచ్చింది. బీడీ అయితే ఏ టీ బంకు దగ్గరో దిగి, నాలుగు మాటలు చెప్పుకుని పారేసేవాళ్ళు. గుట్కాకు దిగే పని లేదు. స్టీరింగు దగ్గరా అదే, భోజనం తర్వాతా అదే, బుగ్గన పెట్టుకునే నిద్రపోయేవాళ్ళు. మెట్ల మీద, తలుపు అంచుల మీద, పడుకునే దిండు మీద ఎర్రటి చారికలు. వాటిని చూసిన ప్రతిసారీ ఏస్తేరమ్మకు మనుషుల మీదే రోత పుట్టేది. ముక్కు మాత్రం రోజూ అందరికీ ధన్యవాదాలు చెప్పేది.

కాలేషా పీఠంలో కూర్చుని నాళిక అందుకున్నాడు. నోటికి ఆనించి, తల పక్కకు వంచి, మళ్ళీ నిలువుగా పెట్టి, దవడను చేత్తో కిందికి లాక్కుంటూ ఊదాడు. గాలంతా పక్కల నుంచి పోయింది. నాళిక మీద ఎర్రటి చొంగ కారింది.

"శ్వాస చాలలేదు. దయచేసి నోరు పూర్తిగా తెరిచి ఊదండి," అంది ఘ్రాణిక ఆడపిల్ల గొంతుతో. "తదుపరి వైఫల్యాన్ని నిరాకరణగా పరిగణిస్తాము."

ఊదనంటే తాగినట్టే లెక్క. కాలేషా నాళిక వదిలేసి ఏస్తేరమ్మ వైపు చూశాడు.

"నువ్వు ఊదమ్మా," అన్నాడు. "ఎవురిదని అది సూడదు. వంతు నాది గాబట్టి నాదే అనుకుంటది."

"నేనా? దాని మీదా?" నాళిక చివర వేలాడుతున్న తీగలాంటి ఉమ్మిని చూసి ఆమె వెనక్కి జరిగింది. "నీకేమైంది? ముందు నోట్లోది ఉమ్మేసి రా పో."

"నోట్లో ఏం లేదు చెల్లెమ్మా."

"అబద్ధాలొద్దు. ఏదీ, నోరు తెరువు."

"తెరిసే ఉన్నా."

ఆమె వంగి చూసింది. అతని పెదవుల మధ్య ఒక వేలు పట్టే సందు ఉంది, అంతే. అసహ్యాన్ని దిగమింగుకుని చూపుడు వేలు లోపలికి పెట్టింది. బుగ్గ లోపలి భాగం బుగ్గలా లేదు, ఎండిన తోలులా బిర్రబిగుసుకుని ఉంది. రెండో వేలు దూరలేదు. వేలు వెనక్కి తీసి చీరకు తుడుచుకుంటే అతని కళ్ళల్లో నీళ్ళు కనిపించాయి.

నెల రోజులుగా అతను తనతో కూర్చుని అన్నం తినడం లేదని అప్పుడు గుర్తొచ్చింది. మజ్జిగ, గంజి, టీ. షుగరేమో, డాక్టరు చెప్పాడేమో అనుకుంది. అడగలేదు. పక్కన కూర్చుంటే ఆ వాసన భరించాలి కనుక ఆమె కూడా దూరంగా కూర్చుని తినడమే మేలనుకుంది.

"ఎప్పట్నించి అన్నా?"

"పండగప్పుడు బిర్యానీ ముద్ద నోట్లోకి పోలా. అప్పుడు తెలిసింది." ఒక్కో మాటనూ సందులోంచి తోస్తున్నట్టు అన్నాడు, "బీడీ తాగేటప్పుడు దగ్గొచ్చేది. నువ్వన్నా తిట్టేదానివి. ఇది తింటుంటే ఎవురూ ఏమన్లా. ఆ ముక్కు రోజూ నన్ను మెచ్చుకునేది."

ఏస్తేరమ్మకు ఒక్కసారిగా అన్నింటి మీదా అసహ్యం వేసింది. ఆ సీసా మీద, ఆ డబ్బా మీద, లారీ వెనక రాతల మీద, దూరంగా కూర్చుని తిన్న తన మీద కూడా.

"లే. ఆ సీట్లోంచి లే," అంది.

"ఉద్దోగం పోద్దమ్మా. చిన్నదాని పెళ్ళి…"

"లెమ్మంటే లే. నేను ఊదతా. కానీ రేవుకి గాదు పొయ్యేది. నెల్లూరు పెద్దాసుపత్రికి."

"మరి రాయి?"

"రాయి యాడికీ పోదులే. కొండలో ఇన్నాళ్ళుంది, ఆస్పత్రి బయట ఒక్క పూట ఉండలేదా?"

కాలేషాకు నవ్వొచ్చింది. పెదవులు సాగాయి గాని నోరు తెరుచుకోలేదు. అతను పక్క సీటులోకి జరిగాడు.

ఆమె కొంగుతో నాళికను తుడిచింది. తడి పోయింది, ఎరుపు పోలేదు. కళ్ళు మూసుకుని దాన్ని పళ్ళు దాటేదాకా పెట్టుకుని, ఉన్న ఊపిరంతా ఊదింది.

"ధన్యవాదాలు కాలేషా గారూ," అంది ఘ్రాణిక. "మీ ఊపిరి స్వచ్ఛంగా ఉంది. మీ ఆరోగ్యమే మా సంతోషం."

లారీ సన్నగా వణికి ప్రయాణానికి సిద్ధమైంది. ఏస్తేరమ్మ స్టీరింగు తన చేతుల్లోకి తీసుకుంది. నోరంతా ఆ తియ్యటి కంపే. తలుపు తీసి, వంగి, మెట్ల మీద ఉన్న ఎర్రటి చారికల పక్కనే తనూ కాండ్రించి ఉమ్మింది. ముక్కు ఏమీ అనలేదు.