ఇంజన్ ఆపని బండి

"మేడమ్, బుట్ట తెస్తున్నారా, లోపలే చెత్త పెంచుతున్నారా?"

హారన్ కంటే ముందు ఆ గొంతు వినబడింది. ఆమె ఒక చేత్తో జుట్టు, ఒక చేత్తో బుట్ట పట్టుకుని వానలో గేటు దాకా పరిగెత్తింది.

"అసలే ఆఫీసుకి లేటు, మధ్యలో మీరొకరు! ముందు ఆ ఇంజన్ ఆపండి. ఆ పొగ చూడండి."

"ఆపితే మళ్ళీ స్టార్టవదండీ. తోస్తానంటే చెప్పండి, ఆపేస్తా."

చెత్తబండి డ్రైవర్ నవ్వాడు. ఆమెకీ నవ్వొచ్చింది గానీ బయటికి రానివ్వలేదు.

ఊరి పొగ తగ్గించడమే మున్సిపల్ ఆఫీసులో ఆమె ఉద్యోగం. వీధి దీపాలు ఎల్‌ఈడీకి మార్పించింది. ఆఫీసు మేడ మీద సోలార్ పెట్టించింది. చైర్మన్ గారి ఏసీ తగ్గించి తిట్లు తింది. అందరూ 'కార్బన్ మేడమ్' అనేవాళ్ళు, అదీ మొహం మీదే.

తర్వాత చెత్తబళ్ళ వంతు. అన్నిటికీ ట్రాకర్లు పెట్టించింది. ఒక డీజిల్ బండి రోజూ కదలకుండా నిలబడి ఊరికే ఇంజన్ తిప్పుతోంది. ఎంతసేపో చూసింది, ఎక్కడో చూడలేదు. ముందు తీసెయ్యాల్సింది ఇదేనని మీటింగ్‌లో చెప్పింది. చప్పట్లు కొట్టారు.

కొన్నాళ్ళకి వీధిలోకి బ్యాటరీ బండి వచ్చింది. చప్పుడే లేదు. ఆమె బుట్టతో బయటికొచ్చేసరికి ఖాళీ రోడ్డు మీద వాన పడుతోంది.

"ఆ పాత డ్రైవర్ ఏడమ్మా?"

అమ్మ బట్టలు మడతపెడుతూ తలెత్తలేదు. "తీసేశారట. బండి ఊరికే నిలబెట్టి డీజిల్ తగలేశాడని. పాపం, వీధంతా అయిపోయినా మన గేటు ముందే ఆగేవాడు. బుట్ట నేనిస్తానంటే, 'మేడమ్‌ని రానివ్వండమ్మా' అనేవాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నీకు కళ్ళున్నాయనుకున్నా."

ఆమె బుట్ట అక్కడే దించింది. తిన్నగా ఆఫీసులో ఇంజనీర్ గారి గదికెళ్ళి, "సార్, ఆ డీజిల్ బండి లేటు డ్రైవర్‌ది కాదు, నాది" అంది. ఆయన కళ్ళజోడు తీసి ఆమెని చూశాడు, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చూశాడు. "బండి తుక్కుకి పోయిందమ్మా. మనిషిని వెనక్కి తీసుకుందాంలే."

తుక్కు యార్డులో బండికి చక్రాలు లేవు. అతను సీటు కింద నుంచి తన సామాన్లు తీసుకుంటున్నాడు.

"సారీ," అంది. "ఆ బండి గురించి చెప్పింది నేనే. ఎవరిదో తెలీక. మిమ్మల్ని మళ్ళీ తీసుకుంటారట. బ్యాటరీ బండికి. ఊరికి అవతలి వైపు."

"బండి పోవాల్సిందే లెండి. ఆ పొగకి ముందు దగ్గింది నేనే." తడిసిన తుక్కు వైపు చాలాసేపు చూశాడు. "అవతలి వైపంటే మీ వీధి రాదు."

"రాదు."

రేకుల మీద వాన మోగుతోంది.

"అసలు ఎందుకు ఆగేవారు?"

"చెత్త కోసం."

"అబద్ధం."

"అబద్ధమే. పొద్దున్నే మీరు తిడితే రోజంతా బాగుండేది."

ఆమె మొహం తుడుచుకుంది. వాన నీళ్ళే అనుకోవాలి. "అవతలి వైపు ఎక్కడ ఆగుతారో చెప్పండి. ఈసారి నేను కాచుకుంటా."

"ఆగకూడదుగా మేడమ్, ట్రాకర్ ఉంటుంది."

"బ్యాటరీ బండేగా! ఎంతసేపు ఆగినా పొగ రాదు. ఆగండి."