మీదే, తీసుకెళ్ళండి

శనివారం పొద్దున ఫరంగీస్ టీ కెటిల్‌ని పొయ్యి మీద ఠంగుమని పెట్టింది. మూడు రోజులుగా ఆ ఇంట్లో గిన్నెలే మాట్లాడుతున్నాయి, మొగుడూ పెళ్ళాలు కాదు.

"చీజ్ ఏదీ?" అన్నాడు బహ్మన్, కిటికీలోంచి బయట మంచుకేసి చూస్తూ.

"తరానే, ఫ్రిజ్‌లో ఉందని మీ నాన్నతో చెప్పు. ఇంకా ఎవరికీ దానం చెయ్యలేదని కూడా చెప్పు."

పద్నాలుగేళ్ళ తరానె తల వంచుకుని రొట్టె తుంచుతోంది. "నాన్న ఇక్కడే ఉన్నాడు కదమ్మా. వినపడింది."

"నువ్వేగా ఈ ఇంటికి దుబాసీవి. చెప్పు."

తరానె చేతిలో రొట్టె ముక్క పక్కన పెట్టింది. లేచి వెళ్ళి చీజ్ తెచ్చి తండ్రి ముందు పెట్టింది. పైన ఏ గుడ్డా లేని బోసి టేబుల్ అది. ఎవరూ దానివైపు చూడటం లేదు.

ఇరాన్‌లోని యజ్ద్ నుంచి స్వీడన్‌లోని ఈ బోరోస్ ఊరికి వచ్చి ఎనిమిది నెలలు. మనిషికో పెట్టె. ఫరంగీస్ తన పెట్టెలోంచి చలికాలం బూట్లు తీసి పక్కన పడేసి, వాళ్ళమ్మ ఇచ్చిన తెర్మె గుడ్డ పెట్టుకుంది. పట్టూ ఉన్నీ కలిపి చేత్తో నేసిన గుడ్డ, దానిమ్మపండు రంగు, అంచంతా మామిడిపిందెల్లా కొస వంగిన సర్వీ చెట్ల అల్లిక. పెళ్ళిలో వాళ్ళమ్మ దాన్ని తన చేతుల్తో పరిచింది. వీళ్ళు ఇటొచ్చాక ఆ తల్లి పోయింది. ఆఖరి చూపుకి కూడా ఫరంగీస్ వెళ్ళలేకపోయింది. తల్లి తాలూకు ఇంకేం మిగిలిందని!

బుధవారం సాయంత్రం అన్నిటికంటే కింది అంతస్తులో ఉండే గున్‌వోర్ టీకి వచ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. బట్టలుతికే గదికి వంతు ఎలా రాసుకోవాలో, ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో ఓపిగ్గా నేర్పింది ఆవిడే. ఈ దేశంలో వాళ్ళ గడప తొక్కిన మొదటి అతిథి కూడా ఆవిడే. టేబుల్ మీద పరిచిన ఆ గుడ్డని వేలి కొసలతో తాకి, "ఎంత బాగుందీ!" అంది.

ఇంకేం, బహ్మన్ లేచి నిలబడి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మీదే, తీసుకెళ్ళండి."

ఇరాన్ వాళ్ళలో ఇది మామూలు. ఎవరైనా ఒక వస్తువు బాగుందంటే మనం తీసుకెళ్ళమనాలి. వాళ్ళు వద్దనాలి. మనం బలవంతం చెయ్యాలి. "మీ దగ్గరుంటేనే దానికి అందం" అని వాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళాలి. అందరి మర్యాదా నిలుస్తుంది, వస్తువు మాత్రం అంగుళం కదలదు. పసిపిల్లలకి కూడా తెలిసిన ఈ సంగతి పాపం గున్‌వోర్‌కి ఎవరు చెప్తారు? తరానె నోట స్వీడిష్‌లో ఆ మాట విని ఆవిడ రెండుసార్లు వద్దంది. మూడోసారి గుమ్మం బయట బహ్మన్ దాన్ని మడిచి చేతుల్లో పెట్టేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, థాంక్స్ చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. బహ్మన్ ముఖాన నవ్వు అలాగే అతుక్కుపోయింది. లోపల ఫరంగీస్ కుర్చీలో కూలబడింది.

"ఇవాళ వెళ్ళి అడుగు," అంది ఫరంగీస్ ఇప్పుడు. మూడు రోజుల తర్వాత మొగుడితో ఆమె నేరుగా అన్న మొదటి మాట అది.

"ఏమని అడగను? ఊరికే అన్నాను, తిరిగివ్వండనా? అంతకంటే నన్ను ఆ మంచులో పాతిపెట్టు."

"మాట అనే ముందుండాలి ఆ సిగ్గు! అది నీ సొమ్మా? మా అమ్మది!"

"మూడోసారి కూడా వద్దనాలి కదా ఫరంగీస్! మనిషన్నవాళ్ళు ఎవరైనా అంటారు."

"ఆవిడకేం తెలుసు నీ మూడోసారి? ఆశపోతు ముసలిది, చంకలో పెట్టుకుని పోయింది. గురువారం బట్టల గదిలో ఎదురుపడి పలకరిస్తే మొహమ్మీదే అనేశాను ఆ మాట. మన భాషలోలే. మొహం తిప్పుకుని వచ్చేశాను."

"అమ్మా, ఆవిణ్ణి అనకు," అంది తరానె.

"ఎందుకు అనకూడదు?"

"ఆవిడ నన్ను అడిగింది."

కెటిల్ మూత గలగలలాడుతోంది. ఫరంగీస్ చెయ్యి చాచి పొయ్యి ఆపింది.

"గుమ్మం దగ్గర నన్ను పక్కకి పిలిచి అడిగింది. 'మీ నాన్న నిజంగానే ఇస్తున్నాడా, మర్యాదకి అంటున్నాడా? నాకు తెలియదు, నువ్వు చెప్పు' అని."

"నువ్వేం చెప్పావ్?"

"నిజంగానే అని."

"మర్యాదకి అంటున్నాడని నీకు తెలియదా?"

"తెలుసు."

ఫరంగీస్ కుర్చీ లాక్కుని కూతురి ఎదురుగా కూర్చుంది. "మరెందుకే? అది అమ్మమ్మదని తెలిసి కూడా, ఎందుకు?"

"పై అంతస్తు వాళ్ళు మెట్ల మీద ఆగిపోయి చూస్తున్నారమ్మా. ఎబ్బా కూడా ఉంది, మా క్లాసమ్మాయి. నాన్నేమో గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగీ వంగీ దణ్ణాలు పెడుతున్నాడు. ఎబ్బా నవ్వాపుకుంటోంది. నాకు చచ్చిపోవాలనిపించింది. అవునంటే అయిపోతుందనుకున్నా."

"ఏం అయిపోతుంది?" అన్నాడు బహ్మన్.

"నువ్వు మాట్లాడ్డం."

ఆ మాట నోరు దాటాక తరానె పెదవి కొరుక్కుంది కానీ, ఏం లాభం? మొదలుపెట్టాక ఇక ఆగలేకపోయింది. "నువ్వు ఎప్పుడూ అంతే నాన్నా. పది మాటలు చెప్తావు. మీ నీడ చల్లగా ఉండాలంటావు, మీ పాదాలు మా కళ్ళ మీదంటావు. అవన్నీ నేను ఎవరికీ చెప్పను. థాంక్స్ అంటున్నాడని చెప్పి ఊరుకుంటాను."

"ఎప్పుడూనా?"

"ఊఁ."

"మీ స్కూల్లో టీచరుతో మాట్లాడినప్పుడు కూడానా? ఆవిడ ఎంత బాగా నవ్విందీ..." బహ్మన్ గొంతు తగ్గిపోయింది. "నా మాటకే అనుకున్నాను."

యజ్ద్‌లో ఇరవై ఏళ్ళు పిల్లలకి రేఖాగణితం చెప్పిన మనిషి. వీధిలో నడుస్తుంటే కొట్లలోవాళ్ళు లేచి నిలబడేవారు. ఇక్కడ బేకరీ గోడౌన్‌లో ట్రేలు మోస్తున్నాడు, ఎన్నడూ నోరెత్తి బాధపడలేదు. ఇప్పుడు మాత్రం సొంత కూతురి ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తరానె ఆ చేతుల్ని చూసింది. చెంప పగలగొట్టినా ఇంత సిగ్గు వేసేది కాదు ఆ పిల్లకి.

ఫరంగీస్ లేచింది. కొడుతుందనే అనుకుంది తరానె. ఆమె ఏప్రన్ విప్పి కుర్చీ మీద పడేసి, "పదండి ఇద్దరూ," అంది.

మూడంతస్తులు దిగడానికి బహ్మన్ కోటు వేసుకుని, బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. గున్‌వోర్ తలుపు తీసి ముగ్గుర్నీ చూసింది. ఎప్పటిలా నవ్వలేదు.

తరానె గబగబా చెప్పేసింది. నాన్న మర్యాదకే అన్నాడని, అది మా అమ్మమ్మదని, మీరు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పానని.

"నేను ముప్ఫై ఏళ్ళు మగ్గాల షెడ్డులో పనిచేశాను," అంది గున్‌వోర్. "అలాంటి గుడ్డ ఊరికే ఎవరూ ఇచ్చెయ్యరని నాకు తెలుసు. అందుకేగా నిన్ను అడిగాను."

"అవును."

"గురువారం మీ అమ్మ నన్ను ఏదో అని మొహం తిప్పుకుంది. భాష రాకపోతే మాత్రం తిట్టు తిట్టని తెలియదా? నేనేం పాపం చేశానా అని రెండు రాత్రులు నిద్ర లేదు. ఇది కూడా చెప్పు మీ అమ్మకి. ఏదీ తగ్గించకు."

తరానె చెప్పింది, ఏదీ తగ్గించకుండానే. ఫరంగీస్ ముఖం కందిపోయింది. మధ్యలో దుబాసీని పెట్టుకోబుద్ధి కాలేదు ఆమెకి. ముందుకెళ్ళి గున్‌వోర్ రెండు చేతులూ పట్టుకుని, వచ్చిన నాలుగు స్వీడిష్ ముక్కలూ కూడగట్టుకుంది. "చెడ్డ... మీరు కాదు. నేను. నేను చెడ్డ."

"అయ్యో, అలా అనకు," అంది గున్‌వోర్. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. లోపలికెళ్ళి పల్చటి తెల్లకాగితంలో చుట్టిన గుడ్డ తెచ్చింది. "ఒక్కసారి కూడా పరవలేదు. సాయంత్రాలు తీసి, ఎలా నేశారా అని చూసుకుంటూ కూర్చున్నా. అంతే." ఫరంగీస్ దాన్ని గుండెకి హత్తుకుని, గోడకి ఆనుకుని బావురుమంది.

బహ్మన్ చెయ్యి అలవాటుగా గుండె మీదకి లేచింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు దించేసి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"తరానే, థాంక్స్ అని చెప్పమ్మా," అన్నాడు. "అంతే చాలు."

తరానెకి ఏడుపు ముంచుకొచ్చింది. "మొత్తం చెప్పు నాన్నా."

"వద్దులే తల్లీ. ఇక్కడ ఇంత చెప్పుకోరు కదా. నువ్వు చెప్పింది నిజమే."

"చెప్పు నాన్నా! నేను చెప్తాను ఆవిడకి. అన్నీ చెప్తాను."

బహ్మన్ ఆవిడకేసి చూశాడు, కూతురికేసి చూశాడు. జేబులోంచి చెయ్యి తీసి నెమ్మదిగా మొదలుపెట్టాడు. తన ఇంటికొచ్చిన అతిథిని బాధపెట్టిన వాడి తల మీ గడప ముందు వంగే ఉంటుందన్నాడు. మీ చేతులకి నొప్పి తెలియకూడదన్నాడు. మీ నీడ మా పిల్ల మీద ఎన్నటికీ తగ్గకూడదన్నాడు.

పైనుంచి ఎవరో మెట్లు దిగుతున్నారు. తరానె గొంతు తగ్గించలేదు. కన్నీళ్ళు చెంపల మీద కారుతుంటే, తండ్రి అన్న ఒక్కో మాటా గట్టిగా స్వీడిష్‌లో చెప్పింది. ఒకచోట సరైన మాట దొరక్క ఆగి, తండ్రిని అడిగి తెలుసుకుని, మళ్ళీ మొదటినుంచీ చెప్పింది.