వీరేందర్ డిలీట్ చేసిన వీడియో

పూర్ణిమ వానలోనే వచ్చింది. శంషాబాద్ బస్టాండ్ పక్కనున్న ఫొటో స్టూడియోలో, తడిసిన చున్నీ కూడా దులుపుకోకుండా, డీవీడీని వీరేందర్ ముందు పెట్టింది.

"మా అక్క పెండ్లి డీవీడీ. ప్లేయర్ల పెడితే ఖాళీ అని చూపిస్తున్నది. చుట్టాలందరి ముంగట నానమ్మ పరేషాన్ అయింది."

పెళ్లంతా వీరేందర్ కెమెరా పెళ్లికూతురి మీద, కళ్లు ఆమె చెల్లెలి మీద ఉన్నాయి. ఇప్పుడా చెల్లెలు ఎదురుగా నిలబడితే అతనికి డిస్కు గురించి తప్ప మరో మాట రాలేదు.

"రాసినంక డిస్కును క్లోజ్ చేసుడు మర్చిపోయిన మేడం. పెన్‌డ్రైవ్ లెక్క ఫైళ్లు ఎక్కించుకుంట, తీసేసుకుంట రాసిన. క్లోజ్ చెయ్యకుంటే పాత ప్లేయర్లు గుర్తుపట్టవు."

"ఏం తీసేసిండ్రు?"

"పనికిరాని క్లిప్పులు. డిలీట్ అయినయంటే ఇగ లేనట్టే."

పూర్ణిమ స్టూలు లాక్కుని కూర్చుంది. పెళ్లిలో ఆమె కట్టిన చీరల రంగులన్నీ అతనికి తెలుసు. ఎయిర్‌పోర్ట్ కార్గో ఆఫీసులో ఆమె కంప్యూటర్లు చూసుకుంటుందని మాత్రం తెలియదు.

"గీ డిస్కు మీద ఒక్కసారి రాసింది చెరగదు. తీసేసిన ఫైలు పేరు లేకుండ ఫైళ్ల పట్టిక కొత్తది రాస్తది, గంతే. పాత పట్టిక తెరిస్తే అన్నీ ఉంటయి. నేను తెరిచిన."

వీరేందర్ ముఖంలో రంగు పోయింది. అతను తీసేసిన క్లిప్పు, పెళ్లయిన మర్నాడు కెమెరా ముందు ఒంటరిగా కూర్చుని చేసిన రిహార్సల్. "పూర్ణిమగారూ, మీరంటే నాకు..." అని మొదలుపెట్టి, ఎన్నిసార్లు చెప్పినా అక్కడే ఆగిపోయాడు. పెళ్లి వీడియోలతో పాటు అదీ డిస్కులోకి వెళ్తే, చూసి డిలీట్ చేసి, తన జాగ్రత్తకు తానే మురిసిపోయాడు.

"మీరొక్కరే చూసిండ్రా?"

"లాప్‌టాప్ టీవీకి కలిపిన. పెండ్లి వీడియో అనుకొని అందరం కూసున్నం."

"మీ బాపు ఏమన్నడు?"

"ఏమనలే. సౌండు పెంచిండు."

"నానమ్మ?"

"పిలగాడు మంచిగున్నడు, మాటనే మధ్యల ఆగుతున్నది అన్నది." పూర్ణిమ గొంతు మారింది. "నవ్వులాట కాదు. సిగ్గుతోటి నేను వంటింట్లకెళ్లి బయటికి రాలే. కెమెరాకు చెప్పొస్తది, మనిషికి చెప్పరాదా?"

వీరేందర్ లేచి నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక టేబుల్ అంచు పట్టుకున్నాడు.

"మీరంటే నాకు ఇష్టం. మీకు లేకుంటే చెప్పుండ్రి, మళ్ల మాట్లాడ."

పూర్ణిమ స్టూలు మీంచి లేచింది.

"ఇంటికి కొత్త డిస్కు రాసియ్యుండ్రి," అంది పూర్ణిమ, టేబుల్ మీది డిస్కును బ్యాగులో వేసుకుంటూ. "గిది నా దగ్గరుంటది."

కూతురి వెనకే వచ్చి, అంతసేపూ బయట గొడుగు పట్టుకుని నిలబడ్డ ఆమె తండ్రి మొగులయ్య గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"ముచ్చట అయిందా? ఆదివారం మీ అమ్మానాయనను తోలుకొని ఇంటికి రా."

వీరేందర్ తలూపాడు.

"కెమెరా ఇడిసిపెట్టి రా," అని మొగులయ్య గొడుగును కూతురి వైపు వంచాడు.