పన్ను కట్టిన కారు

"పన్ను కట్టారా?" అంది బండ్ల ఫిట్‌నెస్ చూసే ఇన్‌స్పెక్టరమ్మ.

పళ్ళ డాక్టరుకి పైప్రాణాలు పైనే పోయాయి. ఈమె అప్పుడే ఎలా కనిపెట్టేసింది?

"కట్టాను మేడమ్. కుడివైపు దానికొక్కదానికే. ఎడమది ఇంకా గట్టిగానే ఉంది."

ఆమె తలెత్తి చూసింది. ఆమె అడిగింది రోడ్డు పన్ను. ఇతను చెప్పింది టెయిల్ లైటు సంగతి.

ఆ స్పోర్ట్స్ కారు వయసులో అతనికన్నా పెద్దది. రెండే తలుపులు, రెండే సీట్లు. "ఇందులో పెళ్ళాం కూర్చుంటే పిల్లలెక్కడ కూర్చుంటార్రా?" అని అమ్మ అడిగితే, "ముందు పెళ్ళాన్ని కూర్చోనీ" అన్నాడు. దానికి సరిపోయే టెయిల్ లైట్లు ఇప్పుడు ఎక్కడా దొరకవు. అందుకని పాత బల్బులు పీకేసి, లోపల ఎల్‌ఈడీలు వరసగా పేర్చి, ఇండికేటర్ వేస్తే వెలుతురు లోపల్నించి బయటికి పరిగెత్తేలా తనే తయారుచేశాడు. ఆ హడావుడిలో కుడివైపు ఎర్ర అద్దం పగిలింది. పగులు కనిపిస్తే పళ్ళ డాక్టరు చెయ్యి ఊరుకుంటుందా? పంటికి పెట్టే ఫిల్లింగ్ తీసి పగుల్లో కూరి, క్లినిక్‌లోని నీలం లైటుతో గట్టిపరిచి, పైన పాలిష్ కూడా పట్టాడు.

ఆమె కారు వెనక్కి వెళ్ళి వంగింది. ఎర్రటి అద్దం మధ్యలో తెల్లగా, ముచ్చటగా ఒక పన్ను మెరుస్తోంది.

"ఇక్కడ ఎరుపు తప్ప ఇంకేం కనిపించకూడదు. మీ కారు ఇకిలిస్తోంది," అంది. "ఫెయిల్."

"రంగు అంత చక్కగా కలిసింది కదండీ."

"దేంతో కలిసింది?"

అతను నోరు మూసుకున్నాడు. ఎదుటివాళ్ళని నోరు తెరవమనడం తప్ప, తను మూసుకోవడం అతనికి అలవాటు లేదు.

ఇంట్లో నాన్న ఈ వార్త విని పండగ చేసుకున్నాడు. "నెలాఖరులోపు ఆ కారు పాసవ్వకపోతే తుక్కువాడికి ఫోన్ చేస్తా. నీకు పిల్లనిద్దామని వచ్చినవాళ్ళు షెడ్డులోకి తొంగిచూసి వచ్చినదారే పోతున్నారు."

నాన్న మాటంటే మాటే. చదువుకునే రోజుల్నించీ ఒక్కో భాగం వెతికి, తుడిచి, బిగించి బతికించుకున్న కారు అది. దాన్ని తుక్కులో ఊహించుకుంటే అతనికి అన్నం దిగలేదు.

మళ్ళీ వెళ్ళాడు. ఆమే ఉంది.

"ఈసారి గులాబీ రంగా?"

"చిగుళ్ళ రంగు మేడమ్. కట్టుడు పళ్ళకి వాడతాం. మా దగ్గర ఎరుపంటే అదే."

ఆమె ఓ నిట్టూర్పు విడిచింది. "ఎడమ ఇండికేటర్ వెయ్యండి."

వేశాడు. కుడివైపుది వెలిగింది.

పాపం, అతని తప్పేం లేదు. పళ్ళ డాక్టరుకి ఎదుటివాళ్ళ ఎడమ దవడ తన కుడిచేతి వైపుంటుంది. ఏళ్ళ తరబడి అలా తిరగేసి చూసిన కళ్ళు, కారు వెనక కూర్చుని వైర్లు కలిపేటప్పుడు కూడా తిరగేసే చూశాయి. ఈ ముక్క అతను నసుగుతూ చెప్పేసరికి ఆమెకి నవ్వాగలేదు.

"మీరు కూర్చుంది వెనకాల కదండీ. దాన్ని నోరనుకున్నారా?"

"అలవాటండీ."

"ఆ వైపు నోరుండే ప్రాణిని నేనింతవరకూ చూళ్ళేదు."

పడీ పడీ నవ్వుతున్న ఆమెను అతను కళ్ళార్పకుండా చూశాడు. మనసు జారింది, నిజమే. కానీ ఏం లాభం? పైకి వచ్చిన మాట ఇది.

"కింద వరసలో మీ జ్ఞానదంతం అడ్డంగా వస్తోందండీ. త్వరలో నొప్పెడుతుంది."

"శాపం పెడుతున్నారా?"

"మీరు నా కారు గురించి చెప్పలేదూ? నేనూ అలాగే చెప్పాను. ఫెయిల్."

శాపం తగిలింది. జోరున వాన కురుస్తున్న ఒక సాయంత్రం, చెంప పట్టుకుని ఆమె క్లినిక్‌లోకి వచ్చింది.

"ఒక్క మాట అన్నారంటే లేచి వెళ్ళిపోతా," అంది.

అతను ఒక్క మాట కూడా అనలేదు. పన్ను తీసేశాడు. వేడివి తాగొద్దనీ, దూది గట్టిగా కొరికి ఉంచమనీ జాగ్రత్తలు చెప్పాడు. దూది సరిచేసే వంకతో చిన్న అద్దం మళ్ళీ నోట్లో పెట్టి, ఎక్కడలేని ధైర్యం తెచ్చుకున్నాడు.

"రేపు సాయంత్రం ఎదురు హోటల్లో కాఫీకి వస్తారా?"

"ఆ..." అంది ఆమె.

అతనికి నేలమీద కాళ్ళు నిలవలేదు. ఆమె వానలోకి వెళ్ళిపోయాక గానీ బుర్ర వెలగలేదు. నోట్లో అద్దం ఉన్నప్పుడు, ఇల్లు రాసిస్తారా అని అడిగినా ఎవరైనా 'ఆ' అనే అంటారు. అయినా మర్నాడు వెళ్ళి, హోటలువాడు కుర్చీలు బల్లలమీదకి ఎక్కించేదాకా కూర్చున్నాడు. ఆమె రాలేదు.

నెలాఖరు వచ్చింది. ఈసారి వేరే బండిది పాడైన లైటొకటి సంపాదించి, అందులోని ఎర్ర అద్దాన్నే ముక్క కోసి అతికించాడు. వైర్లు కలిపేటప్పుడు "ఇది నోరు కాదు, నోరు కాదు" అని పైకే అనుకున్నాడు. కారు లైన్లో నిలబెట్టాడు.

ఆమె వచ్చింది. కారును చూసింది. అతన్ని చూసింది.

"ఈ బండి నేను చూడను," అని వెనక్కి తిరిగి, లోపలున్న పెద్దాయనకి కబురు పెట్టింది.

అక్కడందరికీ తెలుసు, ఆ పెద్దాయన చేతిలో షోరూమ్ బండ్లు కూడా ఫెయిలవుతాయి. కారు పోయిందనుకున్నాడు అతను. అంతకన్నా ముందు ఆమె పోయిందనుకున్నాడు. తీరా చూస్తే రెండోదే ఎక్కువ నొప్పెట్టింది.

"ఆ రోజు అలా అడగడం తప్పే," అన్నాడు. "కోపం నామీద చూపించండి, కారు మీద వద్దు."

"కోపమే. పన్ను పీకించుకున్నదాన్ని వేడి కాఫీకి పిలుస్తారా? వేడివి తాగొద్దని చెప్పింది మీరే కదా."

అతను నాలిక్కరుచుకున్నాడు.

"ఇది మాత్రం కోపం కాదు, రూలు," అంది ఆమె, గొంతు తగ్గించి. "మావాళ్ళ బండి నేను చూడకూడదు."

"మీవాళ్ళా? ఎవరిది?" అని అటూ ఇటూ చూశాడు మహానుభావుడు.

ఈలోపు టార్చిలైటు పట్టుకుని పెద్దాయన రానే వచ్చాడు. ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"నువ్వెందుకు చూడట్లేదమ్మా? ఇతను నీకేమవుతాడు?"

"ఇంకా తేలలేదు సార్," అంది ఆమె. చెవులు ఎర్రబడ్డాయి గానీ మాట తడబడలేదు. "ఏదో ఒకటి మాత్రం అవుతాడు."

"బ్రేకు తొక్కవయ్యా," అన్నాడు పెద్దాయన.

ఆయన రెండోసారి అరిచాక గానీ బ్రేకు ఏ కాలి కిందుందో అతనికి గుర్తురాలేదు. తొక్కాడు. రెండువైపులా ఒకే ఎరుపు వెలిగింది, ఎక్కడా మచ్చ లేదు.

పెద్దాయన టార్చి ఆర్పి, "పాస్," అన్నాడు. అన్నది మాత్రం కారును చూసి కాదు.