ఏడు రోజుల చూపరి

పోపుల డబ్బాలో ఆవాల గిన్నె ఎక్కడుండాలన్న దాని మీద ఆ ఉదయం సహస్రకీ, ఆమె అత్తగారు ప్రవల్లికకీ మాటామాటా వచ్చింది.

"డబ్బాలో ఏడు గిన్నెలు. మధ్యది ఆవాలకి. నేను కాపరానికి వచ్చిన నాటి నుంచీ అంతే," అన్నారు ప్రవల్లిక.

"మధ్యలో మినప్పప్పు పెట్టుకుంటానత్తయ్యా. ముందు పడేవి ఆవాలు కదా, అంచునుంటే చేతికి అందుతాయి."

"అంచునుంటే ఒలుకుతాయి."

"ఇరవై రెండేళ్లలో ఎప్పుడైనా ఒలికాయా?"

"నేను చూడలేదు," అన్నారావిడ, ఒలికే ఉంటాయన్నట్టు.

సహస్ర భర్త రిత్విక్ టీ కప్పు కోసం చెయ్యి చాపుతూ, "పోపు పొయ్యే వేసుకుంటుంది కదా, మీకీ గొడవెందుకు?" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. రెండు వేల డెబ్భై ఒకటిలో కాకినాడలో పోపుల డబ్బా ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పొయ్యిలో ఉన్న కన్ను కూరని చూసి, మంట తగ్గించి, పోపు వేసి, పిలుస్తుంది. సహస్ర మాత్రం పొయ్యిని మంట వరకే నమ్మేది.

అత్తగారు మేడ మీదికి వెళ్లాక ఆమె ఆవాల గిన్నెని అంచుకి జరిపింది. ఎవరికీ చెప్పలేదు. ఎక్కడా రాయలేదు.

పదకొండు గంటలకి 'గడప' అనే సైటులో ఆమె పేజీకి ఒక సందేశం వచ్చింది. వంటల గురించి ఆమె నాలుగు ముక్కలు రాసుకునే పేజీ అది. చదివేవాళ్లు మహా అయితే అరవై మంది.

'ఆవాల గిన్నె మళ్లీ అంచుకి వచ్చిందండీ. మీరు చెప్పిందే కరెక్టు.'

సహస్ర గరిటె కింద పెట్టి, పొయ్యి కంటి మీద తడిగుడ్డ కప్పి, గోడకి ఆనుకుని నిలబడింది.

ఇది మొదటిది కాదు. పదకొండు నెలలుగా పేరు లేని ఆ మనిషి ఇలాగే రాస్తున్నాడు. 'ఈ రోజు వంకాయలు లేతగా ఉన్నాయండీ.' 'ఆ ఆకుపచ్చ చీర మూడు వారాలుగా కట్టడం లేదు.' బూతు మాట ఒక్కటీ లేదు. అందుకే పోలీసులు రెండుసార్లు కాగితం తీసుకుని రెండుసార్లూ పంపేశారు. ఆమె పేజీ మార్చింది, పేరు మార్చింది. మర్నాటికల్లా కొత్త పేరుతో 'నమస్కారమండీ' అని వచ్చింది. సొంత వంటింట్లో నిలబడి చెంగు సర్దుకోవాలన్నా ఆమె ఇప్పుడు గోడల వంక చూసుకునేది.

ఆ మధ్యాహ్నమే భానుగుడి దగ్గర కొత్తగా తెరిచిన చూపరి కేంద్రానికి వెళ్లింది.

చూపరి అంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పాలి. అప్పటికి దేశంలో అందరూ కంటిపొర పెట్టుకుంటున్నారు. వేలి గోరంత పల్చటి లెన్సు. కళ్లద్దమూ అదే, ఫోనూ అదే. మనిషి దేన్ని ఎంతసేపు చూశాడో, ఎక్కడ ఆగాడో, ఏది మళ్లీ మళ్లీ చూశాడో ఆ పొర మీద గుర్తుగా మిగులుతుంది. దాన్ని గేజ్ ప్రింట్ అన్నారు, తెలుగులో చూపుముద్ర. ఒకరి మీద పడ్డ చూపుముద్రలన్నీ పోగుచేస్తే, ఆ చూసిన మనిషి రూపం తిరిగి కట్టొచ్చని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. వెలుగుతో కట్టిన ఆ రూపమే చూపరి. కూర్చుంటుంది, మాట్లాడుతుంది. తాను చూసినదీ, చూస్తూ విన్నదీ తప్ప దానికి ఇంకేమీ తెలియదు కాబట్టి అబద్ధమాడటం చేతకాదు. చూపుల మొత్తానికి కొలత ఈక్షణాంకం. అది ఆరు వందలు దాటితే వెంటాడటం కింద లెక్క, అంటే నేరం.

"ఏడు రోజులు మీ ఇంట్లో ఉంటాడండీ," అంది కేంద్రంలో అధికారి నిహారిక. "కావలసింది అడగండి, తిట్టాలనిపిస్తే తిట్టండి. ఏడో రోజు చెరిపెయ్యమంటే ముద్రలు కోర్టుకి వెళ్తాయి, అసలు మనిషి పేరు బయటికొస్తుంది. ఉంచుకుంటామంటే రాజీపడ్డట్టు. కేసుండదు."

"ఉంచుకునేవాళ్లు కూడా ఉంటారా?"

నిహారిక కాగితాలు సర్దుకుంది. "నూటికి నలభై మందండీ."

ఆ సాయంత్రం అందరూ ఇంట్లో ఉండగా, అగరొత్తుల పెట్టెంత యంత్రాన్ని సహస్ర భోజనాల బల్ల మీద పెట్టి మీట నొక్కింది. ఖాళీ కుర్చీలో గళ్ల చొక్కా వేసుకున్న యాభై ఏళ్ల మనిషి రూపుకట్టాడు. ఎవరో తెలియకుండా వేసిన కోర్టు సీలు వల్ల ముఖం మాత్రం ఆవిరి పట్టిన అద్దంలా ఉంది.

"నువ్వేనా?" అంది సహస్ర.

"ఆయ్, నేనేనండీ."

"ఎవడివి నువ్వు?"

"మీ పొయ్యి కంపెనీలో ఫిర్యాదులు చూస్తానండీ. కిందటి జూన్‌లో మంట సరిగా రావట్లేదని రాశారు. పొయ్యి కంట్లోంచి చూడ్డానికి అనుమతి అడిగాం. 'ఈ ఒక్కసారికి' అని ఒక మీట, 'ఎప్పటికీ' అని ఒక మీట. మీవారు 'ఎప్పటికీ' నొక్కారండీ."

అందరూ రిత్విక్ వంక చూశారు.

"టీ ఆలస్యమవుతోందని... ఏది దగ్గరుంటే అది నొక్కాను," అన్నాడతను.

"ఎందుకు చూశావురా?" అంది సహస్ర చూపరితో. ఆమె నోట 'రా' రావడం అంతకుముందు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"మొదటి రోజు మంట చూశానండీ. రెండో రోజు మంట బాగుంది. మూడో రోజు చూడాల్సిన పనేం లేదు. చూశాను."

"సిగ్గు లేదా?"

"లేదండీ."

ఆమె అరగంట తిట్టింది. అతను ప్రతిదానికీ ఆయ్ అన్నాడు. ఒప్పేసుకునేవాణ్ని తిట్టడం ఎంత కష్టమో ఆమెకి అప్పుడు తెలిసింది. చివరికి అతనే అన్నాడు: "నావల్ల మీరు పాడటం కూడా మానేశారండీ. వంకాయలు కోస్తూ పాడేవారు. మార్చి తొమ్మిది నుంచి లేదు."

గుమ్మంలో నిలబడ్డ కూతురు తాయారు ఇటు తిరిగింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. పాత పేర్లు మళ్లీ ఫ్యాషన్‌లోకొచ్చిన రోజుల్లో పుట్టింది. "అమ్మ పాడేదా?"

"రెండు పాటలమ్మా. రెండోదానికి చరణం రాదు, కూనిరాగం తీస్తారు."

ఆ రోజు నుంచే మొదలైంది. మర్నాడు రిత్విక్ ఆఫీసుకి వెళ్తూ కుర్చీ దగ్గర ఆగి, "పెళ్లిరోజుకి ఏం తెస్తే బాగుంటుందంటావ్?" అని గొంతు తగ్గించి అడిగాడు. "చీరలొద్దండీ. ఎడం మోకాలు నొప్పి, పీట మీంచి లేవలేకపోతున్నారు. ఎత్తు స్టూలు తెండి," అన్నాడు చూపరి. మూడో రోజు ప్రవల్లిక ఇంగువ ఎక్కడుందో వాణ్నడిగి తీసుకున్నారు. నాలుగో రోజు వాడి ముందు కాఫీ పెట్టారు. "వెలుగు కాఫీ తాగదత్తయ్యా," అంది సహస్ర. "నాకూ తెలుసు. ఊరికే కూర్చోబెడితే బావుండదు," అన్నారావిడ. అప్పటికి వాణ్ని 'బాబూ' అంటున్నారు.

అయిదో రోజు సహస్ర వంటింట్లో బీరకాయ చెక్కుతూంటే హాల్లోంచి తాయారు గొంతు వినిపించింది. "అమ్మకి నా మీద కోపం వచ్చిందంటావా?"

"కోపం కాదమ్మా, దిగులు. కోపమైతే గిన్నెలు చప్పుడవుతాయి. దిగులైతే కడిగిన గిన్నే మళ్లీ కడుగుతారు."

సహస్ర చేతిలో బీరకాయ అలాగే ఉంది. కూతురికీ తనకీ మధ్య ఎనిమిది అడుగుల దూరం కూడా లేదు. కాసేపటికి చూసుకుంటే, చెక్కిన కాయే మళ్లీ చెక్కుతోంది.

ఆరో రోజు రిత్విక్ అసలు సంగతికొచ్చాడు. "కేసంటే రెండేళ్లు కోర్టు చుట్టూ తిరగాలి. వీడిని ఉంచేసుకుంటే పోలా? పాపం, కూర్చోడం తప్ప ఏం చేస్తాడు? నీ గురించి మాకు తెలీనివెన్నో చెప్తున్నాడు."

"నేనిక్కడే ఉన్నాను కదండీ."

"నిన్నడిగితే 'ఏం లేదు' అంటావు."

అది నిజమే. అందుకే ఆమెకి ఎక్కువ మండింది.

ఏడో రోజు ఆదివారం. పొద్దున్నే సహస్ర చూపరి కేంద్రానికి వెళ్లింది. "మా ఇంట్లోవాళ్ల చూపుముద్రలతో నన్ను చూసే చూపర్లని కట్టగలరా?"

"ఒకే రేషను కార్డులో ఉంటే వేరే అనుమతి అక్కర్లేదండీ," అంది నిహారిక.

ముందు రిత్విక్‌ది పెట్టారు. గాలిలో రెండు చేతులు రూపుకట్టాయి, మణికట్ల దాకా. వాటిలో ఒక కంచం. ఎంతసేపు చూసినా మిగతా మనిషి రాలేదు.

"అంతేనా?"

"గొంతు కూడా వస్తుందండీ." నిహారిక మీట తిప్పింది. 'ఉప్పు తగ్గింది,' అన్నాయి చేతులు.

ఈక్షణాంకం ముప్పై ఒకటి. ప్రవల్లికది రెండు కళ్లు. కళ్లు చక్కగానే వచ్చాయి గానీ అవి సహస్ర భుజం మీదుగా పోపుల డబ్బాని చూస్తున్నాయి. ఎనభై నాలుగు. తాయారుది వెనకనుంచి జడ, ఒక చెవి. నలభై ఆరు.

"యంత్రం లోపం కాదండీ," అంది నిహారిక నొచ్చుకుంటూ. "సరుకు చాల్లేదు."

సహస్ర చాలాసేపు ఆ చేతుల్నీ కళ్లనీ జడనీ చూసింది. "పోనీ నావి పెట్టండి. నేను వాళ్లని చూసినవి."

ఈసారి యంత్రం ఆలోచించుకోలేదు. నలభై ఎనిమిదేళ్ల మనిషి నిలువునా లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ల దగ్గర పిన్నీసుతో సహా. నిలబడీ నిలబడగానే మొదలెట్టింది. "ఆయన నెల నుంచి మూడో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. అత్తయ్యకి కుడి చెవి వినపడటం లేదు, ఒప్పుకోరు. తాయారు తన స్నేహితురాలి పేరెత్తడం మానేసి పదహారు రోజులైంది, రాత్రిళ్లు..."

యంత్రం మీద ఎర్రదీపం వెలిగింది. పక్కనున్న అరలోంచి ఒక కాగితం దానంతటదే బయటికొచ్చింది.

"ఏమిటిది?"

నిహారిక కాగితం తీసి ఆమె చేతికిచ్చింది. "ఆరు వందలు దాటితే చూడబడ్డవాళ్ల పేరు మీద ఫిర్యాదు అదే రాసేస్తుందండీ. మీది రెండు వేల నూట నలభై. మీవాళ్లు సంతకం పెట్టకపోతే ఏం కాదు లెండి."

"ఆ పొయ్యివాడిది ఎంత?"

"ఏడు వందల పన్నెండు."

"అంటే నేను వాడికి మూడింతల నేరస్థురాల్ని."

"ఎంత చూశారన్నదే దీనికి తెలుస్తుందండీ. ఎందుకు చూశారో తెలీదు."

సహస్ర కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

మధ్యాహ్నం భోజనానికి అందరూ కూర్చున్నారు. చూపరి తన కుర్చీలో ఉన్నాడు. ప్రవల్లిక వాడి ముందు కూడా కంచం పెట్టించారు. ముద్దపప్పు, బీరకాయ పచ్చడి, వంకాయ కూర. సహస్ర వడ్డించి, తనూ కూర్చుని, చూపరి వైపు తిరిగింది.

"ఏప్రిల్‌లో నాకు జ్వరం వచ్చింది. పొయ్యి దగ్గర కూలబడ్డాను. ఎంతసేపున్నాను?"

"ఇరవై ఆరు నిమిషాలండీ."

"నువ్వేం చేశావు?"

"చూశానండీ."

"ఇంటి నంబరు నీ దగ్గరుంది. ఒక్క ఫోను కొట్టొచ్చుగా?"

"ఆయ్, కొట్టొచ్చండీ," అన్నాడు చూపరి.

ప్రవల్లిక చెయ్యి వాడి కంచం మీదికి వెళ్లి, దాన్ని నెమ్మదిగా ఇవతలికి లాగేసింది.

"ఏప్రిల్‌లో పడిపోయావా?" అన్నాడు రిత్విక్. "నాకు చెప్పలేదే?"

"ఆ రోజు పప్పులో ఉప్పు తగ్గిందన్నారు మీరు."

సహస్ర యంత్రం దగ్గరికి జరిపి, చెరిపే మీట మీద వేలు పెట్టింది.

"వెళ్లొస్తానండీ," అన్నాడు చూపరి.

"రావద్దు," అని నొక్కింది. గళ్ల చొక్కా ముందు పోయింది, ఆవిరి ముఖం తర్వాత పోయింది. కుర్చీ మిగిలింది.

"కేసు నడుస్తుంది. కోర్టుకి నేనే వెళ్తాను, ఎవరూ తోడు రానక్కర్లేదు," అంది. తర్వాత సంచిలోంచి కాగితం తీసి పచ్చడి గిన్నె పక్కన పెట్టింది. "ఇది నా మీద మీ ముగ్గురి ఫిర్యాదు. యంత్రం రాసింది. నేను మిమ్మల్ని చట్టం ఒప్పుకునేదానికి మూడున్నర రెట్లు చూస్తున్నానట."

తాయారు కాగితం లాక్కుని చదివింది. "అమ్మా, ఇదేం పిచ్చి యంత్రం? మేం సంతకం పెట్టం."

"పెట్టక్కర్లేదు, నేనే ఒప్పుకుంటున్నాను. రేపట్నుంచి నా చూపు ఆరు వందలు దాటదు. తలా రెండు వందలు. ఆ పైన ఎవరికేం నొప్పో, ఏ వస్తువెక్కడుందో, ఎవరెందుకు మాట్లాడటం మానేశారో మీకు మీరే చూసుకోండి. ఒకళ్లనొకళ్లు చూసుకున్నా మంచిదే. మీకింకా చాలా మిగిలుంది, ముప్పై ఒకటీ, ఎనభై నాలుగూ, నలభై ఆరే వాడారు."

రిత్విక్ అలవాటుగా, ఈమె నిజంగానే అంటోందా అని అడగడానికి పక్క కుర్చీ వైపు తిరిగాడు. అక్కడెవరూ లేరు. తప్పనిసరై భార్య వైపు తిరిగి, ఆమె ముఖంలో ఎక్కడ వెతకాలో తెలియనట్టు కాసేపు చూశాడు.

"సహస్రా, నిజంగానే అంటున్నావా?"

"నిజంగానే. అన్నం తినండి." ఆమె అతని కంచంలో మరో గరిటె పప్పు వేసింది. "ఎడం వైపు నమలడం మానేశారు మీరు, మంగళవారం నుంచి. పళ్ల డాక్టరుకి చూపించుకోండి. ఇవాళింకా ఆదివారం కాబట్టి చెప్తున్నాను. రేపట్నుంచి చెప్పను."