చలి పుట్టించే మందు

మాంట్రియాల్‌లో లూక్ జెర్వే చనిపోయి మూడేళ్ళయింది. సీక్రెట్ ఏజెంట్ కాలమ్ రస్క్ ఇప్పటికీ ఏ గదిలో అడుగుపెట్టినా ముందు గోడ మీది థర్మోస్టాట్‌లో గది వేడి ఎంతో చూస్తాడు.

లూక్ ఒక మందు పరీక్షకు వచ్చిన వాలంటీర్. రస్క్ ఆ రోజు వార్డు అటెండర్ వేషంలో ఉన్నాడు. సెలైన్ సంచిలో ఉన్నది అసలు మందు కాదని తెలిసేసరికి సగం ఎక్కేసింది. మందుల్ని విషాలుగా మార్చి అమ్మే విదేశీ ముఠా మనిషి వచ్చేదాకా బయటపడొద్దని పైనుంచి ఆర్డర్.

"గది చల్లగా ఉందా, నాకే చలేస్తోందా?" అని లూక్ అడిగాడు.

"గదే," అన్నాడు రస్క్.

మర్నాటికి లూక్ లేడు. ముఠా మనిషీ రాలేదు.

ఇప్పుడు టొరంటో. ఫిబ్రవరి, ఉదయం ఏడు గంటలు. పార్కింగ్ గ్యారేజీలో నిలిపిన కారులో ఆపరేషన్స్ చీఫ్ మార్గరెట్ పెల్టియే అతనికి కాఫీ అందించింది.

"ఈసారి నీకు తేలిక పని. పడుకోవడమే."

"ఎవరిగా?"

"పీటర్ హొలూబ్. ఇళ్ళకు పైకప్పులు వేస్తాడు. చలికాలం పని లేక మందు ట్రయల్‌లో చేరాడు. మందు సంగతి తెలుసుగా?"

రస్క్‌కు తెలుసు. అది యాంటీబాడీ లాంటిదే, కాని తయారుచేసింది శరీరం కాదు, డాక్టర్ ఇలోనా వర్గా. ఆ అణువుకు రెండు చేతులు. కణం పైపొర మీద ఉండే రెండు తాళాలను పట్టి దగ్గరికి లాగుతుంది. దాంతో లోపల ఒకే ఒక్క సంకేతం మేలుకుంటుంది: పాడైన కాలేయాన్ని మళ్ళీ పెరగమని. ముఠా దగ్గరున్న రకంలో ఒక చెయ్యి వేరు. అది రోగాలతో పోరాడే కణాలన్నిటినీ ఒక్కసారిగా లేపి సొంత ఒంటి మీదికి తోలుతుంది. మొదట చలి, ఆ తర్వాత జ్వరం. ఆపైన ఎవరూ ఏమీ చేయలేరు.

"ముఠావాళ్ళు మందు సీసా మార్చేశారు. కాని వర్గా ఆరు నెలలుగా మన మనిషి. అసలుది మళ్ళీ పెట్టేస్తుంది. ‘మంచు ఆగింది’ అని ఆమె అంటే అంతా క్షేమం. మందెక్కిన నాలుగు గంటలకు తీసే రక్తం కోసం వాళ్ళ కొరియర్ వస్తాడు. వాడి వెనకాలే వెళ్ళి ముఠాని పట్టుకుంటాం."

"మాంట్రియాల్‌లోనూ వస్తాడనే అన్నారు."

పెల్టియే వినికిడి యంత్రంలా కనిపించే చిన్న రేడియోను అతని చేతిలో పెట్టింది.

ట్రయల్ వార్డులో రెండే మంచాలు. థర్మోస్టాట్ ఇరవై తొమ్మిది డిగ్రీలు చూపిస్తోంది. మొదటి మంచం మీద డెజ్మండ్ బ్రాత్‌వెయిట్ చొక్కా గుండీలు విప్పుకుని అట్టముక్కతో విసురుకుంటున్నాడు. పుట్టింది బార్బడోస్‌లో. ముప్పై ఏళ్ళు ట్రాం బండి నడిపి రిటైరయ్యాడు.

"మనల్ని ఉడకబెట్టి గాని మందివ్వరేమో తమ్ముడూ," అన్నాడు.

"మీరెందుకు చేరారు?"

"మా అక్క కాలేయం పాడై చనిపోయింది. ఇలాంటిదేదో వస్తుందని చివరిదాకా ఎదురుచూసింది. ఆమెకు అందలేదు. ఇంకెవరి అక్కకైనా అందుతుందేమో."

ముందు మందు ఎక్కించాల్సింది రెండో మంచం మీదున్న రస్క్‌కు. కాని నర్సు వచ్చి వరస మారిందని చెప్పి, సూది డెజ్మండ్ చేతికి గుచ్చింది.

"డాక్టర్‌గారు చెప్పారు," అంది.

అప్పుడు వచ్చింది ఇలోనా వర్గా. ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్, మెత్తటి నడక. ఆమె వస్తే వార్డులో మాటలు వాటంతటవే ఆగిపోయాయి.

"మంచు ఆగింది," అంది కిటికీ వైపు చూస్తూ.

"విన్నాం," అంది పెల్టియే రస్క్ చెవిలోని రేడియోలో. "అంతా క్షేమం. కదలకు."

రస్క్ ఊపిరి వదిలాడు. వర్గా అల్మరా తెరిచి రెండు వెచ్చటి కంబళ్ళు తీసింది. మడత విప్పకుండా డెజ్మండ్ కాళ్ళ దగ్గర పెట్టి, ఒకసారి అరచేత్తో సర్దింది.

చెమటలు కక్కుతున్న మనిషికి కంబళ్ళు. అదీ నర్సు కాదు, డాక్టరు స్వయంగా. అతనికి చలేస్తుందని ముందే తెలిసినట్టు.

నర్సు పంపు మీట నొక్కింది. నీళ్ళలాంటి మందు గొట్టంలో కిందికి దిగసాగింది.

"గదే," అన్న తన గొంతు రస్క్‌కు మళ్ళీ వినిపించింది.

"కదలకు, రస్క్. ఇది ఆర్డర్," అంది రేడియోలో పెల్టియే, మంచం కిర్రుమనడం విని.

అతను మంచం మీంచి దూకి గొట్టాన్ని మధ్యకు మడిచి పిడికిట్లో బిగించాడు. మందు డెజ్మండ్ మణికట్టుకు జానెడు దూరంలో ఆగింది. రెండో చేత్తో సూది లాగేశాడు.

"అది నా చెయ్యి, తమ్ముడూ," అన్నాడు డెజ్మండ్ నెమ్మదిగా.

వర్గా పారిపోలేదు. ఖాళీగా ఉన్న రెండో మంచం మీద కూర్చుంది.

"అసలు సీసా మళ్ళీ పెట్టలేదు కదూ?" అని అడిగాడు రస్క్.

"లేదు."

"ఎందుకు? బెదిరించారా?"

"ఎవరూ బెదిరించలేదు. ఆ అణువుకు చెయ్యి మార్చింది నేనే. పనిచేస్తుందో లేదో చూడాలనిపించింది. ఇంకెవరూ చూడనివ్వరు. ముఠావాళ్ళు చూడనిచ్చారు." ఆమె కంబళ్ళ వైపు చూసింది. "మాంట్రియాల్‌లోనూ కంబళ్ళు తీసుకొచ్చాను. అప్పటికే ఆలస్యమైంది. చలేస్తోందని అతను ఎవరితోనైనా అన్నాడా?"

"నాతో అన్నాడు."

ఆ గదిలో లూక్‌ను ఎరిగినవాళ్ళు వాళ్ళిద్దరే.

"కొరియర్‌కు ఏదో ఒకటి ఇవ్వాలి," అన్నాడు రస్క్, చొక్కా చెయ్యి మడుస్తూ. "నా రక్తం తియ్యండి. మీ చేత్తో వాడికివ్వండి."

ఆమె తీసింది. మధ్యాహ్నం రెండింటికి వచ్చిన కొరియర్ చేతిలో రక్తం ట్యూబు పెట్టింది. తర్వాత తనంతట తానే వెళ్ళి పోలీసు కారెక్కింది.

డెజ్మండ్ కోటు వేసుకుంటూ అడిగాడు: "అసలు మందు మళ్ళీ పెడితే కబురు చేస్తారా? వస్తాను."

సాయంత్రం నాలుగింటికి పెల్టియే ఫోన్ చేసింది. ఎయిర్‌పోర్ట్ హోటల్లో ముఠా మొత్తం దొరికింది.

"ఆర్డర్ ధిక్కరించినందుకు రిపోర్ట్ రాస్తున్నాను. అన్నట్టు, వాళ్ళు అప్పటికే నీ రక్తం పరీక్ష చేసేశారు. కొలెస్టరాల్ ఘోరంగా ఉందట. మంచి డాక్టర్‌కు చూపించుకో."

"నాకు తెలిసిన మంచి డాక్టర్‌ని ఇప్పుడే జైలుకు పంపాం కదా, మేడమ్."